వీడియో సిగ్నల్‌తో పని – 4వ పాఠం: ఒక కెమెరా, రెండు తెరలు

పోయిన పాఠంలో కాంపోజిట్ వీడియోను, అంటే బొమ్మ, రంగు, సింక్ అన్నీ ఒకే వైరులో వచ్చే సిగ్నల్‌ను, కొలిచాం. సింక్ (బొమ్మను తెర మీద నిలబెట్టే సంకేతం) అడుగు నుంచి తెలుపు దాకా 1 వోల్టు. అందులో సింక్‌ది 0.3, బొమ్మది 0.7. ఈసారి దాన్ని రెండు టీవీలకు పంచుదాం.

చెన్నై జార్జ్‌టౌన్‌లో మా మామయ్యకు పప్పుల కొట్టు ఉంది. గోడౌన్‌లోని పాత కెమెరా వైరు డీవీఆర్‌కు (రికార్డు చేసే పెట్టెకు) వెళ్తుంది. అదే బొమ్మ గల్లా దగ్గర చిన్న టీవీలోనూ కావాలన్నాడు. "ఓ టీ-జాయింటు పెట్టేస్తే పోలా అల్లుడూ?" అన్నాడు. పెట్టి చూపించాను. రెండు చోట్లా బొమ్మ మసకబారింది.

ఎందుకో లెక్క చూడండి. కెమెరా లోపల నిజానికి 2 వోల్టులుంటాయి, దానికి వరసలో 75 ఓంలు. టీవీలో మరో 75. సగం ఇక్కడ, సగం అక్కడ. అందుకే టీవీకి అందేది 1 వోల్టు. రెండో తెర తగిలించగానే అవతలి 75 కాస్తా 37.5 అవుతుంది. 2 × 37.5 ÷ 112.5 = 0.67. మూడో వంతు పోయింది! సింక్ కూడా 0.2కు పడిపోతుంది కాబట్టి కొన్ని టీవీల్లో బొమ్మ నిలవదు, దొర్లుతుంది.

మధ్యలో ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను పెంచే ఐసీ) పెడతాం. ఏది? ఇంట్లో మామూలు ఆప్-ఆంప్ ఎల్‌ఎం358 ఉంది కదా అని దాంతో మొదలుపెట్టకండి. మన పాల్ (PAL) టీవీ పద్ధతిలో రంగు 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది. ఆ వేగంలో 2 వోల్టుల అలను మోయాలంటే మైక్రోసెకనుకు దాదాపు 28 వోల్టులు పరుగెత్తగలగాలి. ఆడియోలో మనకు ఇష్టమైన టీఎల్072 పరుగు 13 మాత్రమే. ఎల్‌ఎం358 అయితే 1 కూడా లేదు. అందుకని వీడియో వేగానికి సరిపోయే ఏడీ8056 తీసుకున్నాను, ఒక్క ఐసీలో రెండు ఆప్-ఆంప్‌లుంటాయి. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అడిగేటప్పుడు "వీడియో ఆప్-ఆంప్" అనకుండా నంబరు రాసిచ్చి అడగండి, లేకపోతే చేతికి మళ్లీ 358 వస్తుంది.

కెమెరా వైరును 3వ పిన్‌కు (ఇన్‌పుట్) కలపండి. అక్కడి నుంచే గ్రౌండ్‌కు ఒక 75 ఓం. కెమెరాకు సంబంధించినంతవరకు అదే టీవీ. 1వ పిన్ (అవుట్‌పుట్) నుంచి 2వ పిన్‌కు 402 ఓంలు, 2వ పిన్ నుంచి గ్రౌండ్‌కు మరో 402. గెయిన్ 2 వచ్చింది, అంటే సిగ్నల్ రెండింతలు. ఇక 1వ పిన్ నుంచి రెండు 75 ఓంలు విడివిడిగా, ఒక్కో సాకెట్‌కు ఒకటి. ఈ 75లు సగం తినేస్తాయని తెలిసే ముందుగా రెండింతలు చేశాం. వాడని రెండో సగంలో 5వ పిన్‌ను గ్రౌండ్‌కు, 6ను 7కు కలిపేయండి.

402 దొరక్కపోతే రెండూ 390 పెట్టండి, పరవాలేదు. ఆడియో అలవాటు కొద్దీ నేను మొదట 10 కిలో ఓంలు పెట్టాను. 2వ పిన్ దగ్గరి పిసరంత కెపాసిటెన్స్‌తో అది కలిసి, బొమ్మలో ప్రతి అంచు పక్కనా ఇంకో గీత తేలింది. బ్రెడ్‌బోర్డు కూడా అదే పని చేస్తుంది. డాట్ బోర్డు మీద కాళ్లు పొట్టిగా కత్తిరించి సోల్డర్ చేయండి. సప్లై అందే 4, 8 పిన్‌ల పక్కనే, అంటే నిజంగా పక్కనే, గ్రౌండ్‌కు చెరో 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్.

సప్లై ప్లస్ 5, మైనస్ 5. 9-0-9 ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, 7805, 7905 రెగ్యులేటర్లు చాలు. కానీ జాగ్రత్త, 7905 కాళ్ల వరస వేరు: మొదటిది గ్రౌండ్, మధ్యది ఇన్‌పుట్. దాని వెనక రేకు కూడా ఇన్‌పుట్టే. రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కు మైకా లేకుండా బిగిస్తే షార్టు. ఈ వరస చూసుకోక ఒక ఐసీని పొగబెట్టాను నేను.

కెమెరా తగిలించకముందే 1వ పిన్ దగ్గర మీటరు పెట్టండి, దాదాపు సున్నా రావాలి. తర్వాత కెమెరా, రెండు తెరలు. ఒక వైరు పీకి చూడండి, రెండో బొమ్మ మారకూడదు. ఒక సాకెట్ మధ్య పిన్నును బాడీకి క్షణం ఆనించినా రెండోది చెక్కుచెదరకూడదు.

ఇంటిపని: రెండు టీవీలూ ఉన్నప్పుడు ఆప్-ఆంప్ మోసే లోడు ఎన్ని ఓంలు? ఒక సాకెట్ షార్టయితే ఎన్ని?