స్టార్లు నిండినా 74 ఎందుకు అందదు? లక్షణం, కారణం, మందు

ఏటా అక్టోబరులో ఇదే తంతు. వేసవిలో ఏదో ఒక ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు ఇద్దరు ముగ్గురు పెద్ద పేర్లను తెచ్చుకుంటుంది. ఇంకా ఒక్క బంతి కూడా ఎగరకముందే "ఈసారి రికార్డు ఖాయం" అని అభిమానులు తేల్చేస్తారు. నవంబరు దాటాక ఆ మాట ఎత్తేవాళ్లు ఉండరు. మీ జట్టు ఇప్పుడు ఆ దారిలోనే ఉందని అనుమానమైతే కింద లక్షణాలు పోల్చి చూసుకోండి. కొన్నింటికి మందు ఉంది. కొన్నింటికి లేదు, అది కూడా చెప్తాను.

ముందు లెక్క

ఒక సీజన్‌లో గెలుపుల రికార్డు 73-9, అంటే 73 గెలుపులు, 9 ఓటములు. 2015-16లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ పెట్టింది. దానికి ముందు ఇరవై ఏళ్లపాటు 1995-96 షికాగో బుల్స్ వాళ్ల 72-10 చెక్కుచెదరలేదు. సీజన్‌కు 82 మ్యాచ్‌లు, సగం ఇంట్లో, సగం బయట. 74 కొట్టాలంటే ఓడిపోయే వీలు ఎనిమిదిసార్లే. తొమ్మిదో ఓటమి పడిందా, ఇక సమం చేయడమే గానీ బద్దలు కొట్టడం లేదు.

ప్రతి మ్యాచ్‌లోనూ 80 శాతం గెలుపు అవకాశం ఉన్న జట్టంటే ఆషామాషీ జట్టు కాదు, సగటున 65, 66 గెలుస్తుంది. బొమ్మా బొరుసు లెక్క వేస్తే అలాంటి జట్టు 74 చేరడం నూటికి ఒక్కసారి. 85 శాతం జట్టుకైనా నూటికి 12 దాటదు. 90 శాతానికి వెళ్తేగానీ అవకాశం సగానికి పైకి రాదు. మీ జట్టు "గొప్పది" అని వాదించేముందు ఈ మూడింట్లో ఏదో తేల్చుకోండి, సగం వాదన అక్కడే తెగుతుంది.

లక్షణం 1: పేర్లు పెద్దవి, మొదటి నెలలోనే ఓటములు

2010-11 మయామీ హీట్. లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బాష్ ఒక్కచోట చేరారు. మొదటి 17 మ్యాచ్‌లలో 9-8. అంటే నవంబరు ముగియకముందే ఉన్న ఎనిమిదీ అయిపోయాయి. చివరికి 58 గెలిచి ఫైనల్స్ దాకా వెళ్లారు, అక్కడ డాలస్ చేతిలో ఓడారు. 2012-13 లేకర్స్‌ది ఇంకా ఘోరం. కోబీ, గసోల్ ఉన్న జట్టుకి స్టీవ్ నాష్, డ్వైట్ హోవర్డ్ తోడయ్యారు. 1-4తో మొదలుపెట్టి ఐదో మ్యాచ్‌కే కోచ్‌ను మార్చేశారు. ఆఖరికి 45-37. కొండను తవ్వి ఎలుకను పట్టారు.

కారణం "అహం" అని అందరూ అంటారు. నాకు ఆ మాట మీద అంత నమ్మకం లేదు. బంతి ఒక్కటే, పాత ఊళ్లో ప్రతి ఒక్కడికీ అది చేతిలో ఉండే అలవాటు. బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడాలి, ఎవరికి తెర కట్టాలి (కాపలా కాసేవాడికి అడ్డు నిలబడి దారివ్వాలి), ఎవరి కోసం మూలకు జరగాలి అన్నది శరీరానికి అలవాటు కావాలి. దానికి నెలలు పడుతుంది. మామూలు జట్టుకి ఆ నెలలు ఉంటాయి, రికార్డు కోసం పరుగెత్తేదానికి ఉండవు.

మందు: కొత్త స్టార్లను కొత్త ఇంట్లో చేర్చడం కాదు, నిలబడ్డ ఇంట్లోకి ఒక్కణ్ణి తేవడం. బుల్స్ అదే చేసింది. జోర్డన్, పిప్పెన్, కోచ్ ఫిల్ జాక్సన్ ముందే ఉన్నారు, ఆ ఏడాది వచ్చినవాడు డెనిస్ రాడ్‌మన్. అతనికి బంతి అక్కర్లేదు, రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చే బంతులు) చాలు. వారియర్స్ అయితే కొత్త స్టార్‌ను ఎవరినీ తేలేదు, ముందు ఏడాది 67 గెలిచి కప్పు కొట్టిన జట్టునే మళ్లీ దింపింది. కర్రీ, క్లే థాంప్సన్, డ్రేమండ్ గ్రీన్ ముగ్గురూ వాళ్లే డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) తీసుకుని పెంచుకున్నవాళ్లు. గ్రీన్ అయితే 35వ పిక్.

మొదటి ఏడాదే కుదిరిన జట్టు లేదా అంటే ఉంది: 2007-08 బోస్టన్. గార్నెట్, పియర్స్, రే ఆలెన్. ముందు ఏడాది 24 గెలిచిన జట్టు 29-3తో మొదలుపెట్టి 66తో ముగించింది. ముగ్గురి పనీ వేరు, ముగ్గురూ ముప్పై దరిదాపుల్లో ఉన్నారు, ఎవరికీ ఛాంపియన్ ఉంగరం లేదు. అన్నీ కుదిరినా 66 దగ్గర ఆగింది చూడండి.

ఒక్కోసారి మందు కూడిక కాదు, తీసివేత. 1971-72 లేకర్స్‌లో జెర్రీ వెస్ట్, విల్ట్ చేంబర్‌లెయిన్, ఎల్జిన్ బేలర్ ఉన్నారు. మోకాళ్లు పోయిన బేలర్ తొమ్మిది మ్యాచ్‌లయ్యాక ఆట మానేశాడు. ఆ మర్నాడు మొదలైన గెలుపు 33 మ్యాచ్‌లదాకా ఆగలేదు. ఆ వరస ఇప్పటికీ రికార్డే. సీజన్ 69-13. బేలర్ గొప్పవాడు, ఆ జట్టుకి ఆ రోజుకి అతని చోటు వేరేవాడికి కావాల్సి వచ్చింది, అంతే.

లక్షణం 2: మొదటి ఐదుగురు బెంచ్‌కి వెళ్తే స్కోరు కరిగిపోతుంది

మొదటి క్వార్టర్‌లో 14 పాయింట్ల ఆధిక్యం. బెంచ్ మీది మారు ఆటగాళ్లు వచ్చారు. నీళ్లు తాగి వచ్చేలోపు 3.

కారణం జేబులో ఉంది. స్టార్ల జీతాలకే ఖజానా ఖాళీ అయితే మిగతా చోట్లకు కనీస జీతం మీద వచ్చేవాళ్లే దిక్కు. ఇప్పుడది ఇంకా బిగిసింది. లీగ్‌కీ ఆటగాళ్లకీ మధ్య 2023 ఒప్పందంతో వచ్చిన రెండో ఏప్రన్ అనే గీతని జట్టు మొత్తం జీతాలు దాటితే, ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని మార్చుకోవడం కుదరదు, మిడ్-లెవెల్ మినహాయింపు (జీతాల పరిమితి దాటినా ఆటగాణ్ణి తీసుకునే వెసులుబాటు) వాడి బెంచ్‌కి మంచివాణ్ణి తెచ్చుకోవడమూ కుదరదు. ఫీనిక్స్ సన్స్‌ని చూడండి: డురాంట్, బుకర్, బీల్. మొదటి ఏడాది 49, రెండో ఏడాది 36. ముగ్గురి పేర్లు చూసి నేనూ మోసపోయాను, ఒప్పుకుంటాను.

మందు: బాగా ఆడే చవక ఆటగాళ్లు. కర్రీ 2012లో చీలమండ దెబ్బల మీద ఉన్నప్పుడు నాలుగేళ్లకు 4.4 కోట్ల డాలర్లకు సంతకం పెట్టాడు. 73 గెలిచిన ఏడాదికి అతను ప్రపంచంలోనే మేటి, జీతం మాత్రం పాతదే. ఆ మిగులుతోనే ఇగ్వోడాలా, లివింగ్‌స్టన్ లాంటివాళ్లు బెంచ్ మీద కూర్చున్నారు. రికార్డు వెనక ఇంత చవక బేరం ఉందని ఎవరూ పెద్దగా తలుచుకోరు. ఇటీవల ఓక్లహోమా సిటీ థండర్‌దీ అదే సూత్రం: 2024-25లో చెట్ హోమ్‌గ్రెన్ 32 మ్యాచ్‌లే ఆడినా 68 గెలిచారు.

లక్షణం 3: గెలిస్తే ముప్పై తేడా, ఓడితే రెండు

ఆ థండర్ సగటు తేడా మ్యాచ్‌కి దాదాపు 13 పాయింట్లు, ఎన్‌బీఏ చరిత్రలోనే అత్యధికం. 73 గెలిచిన వారియర్స్‌ది 11 కూడా లేదు. మరి అయిదు గెలుపులు తక్కువెందుకు? బలం సరిపోక కాదు. ముప్పై తేడాతో గెలిచినా లెక్కలో పడేది ఒక్క గెలుపే. అసలు తేడా వచ్చేది చివరి రెండు నిమిషాల్లో నడిచే మ్యాచ్‌లలో.

2016 ఫిబ్రవరి 27న ఓక్లహోమాలో అదనపు సమయం, 118-118. కొన్ని సెకన్లే మిగిలాయి. కర్రీ బంతి తీసుకుని నడుచుకుంటూ వచ్చినట్టే వచ్చి, మధ్య గీత దాటిన నాలుగడుగులకే వదిలాడు. 121-118. ఆ షాట్‌ని ఏ కోచ్ ఏ శిక్షణలో నేర్పుతాడు? ఇక్కడ మందు సగమే ఉంది: చివర్లో బంతి ఎవరి చేతికి వెళ్లాలో ముందే తేలిపోయిన జట్టుకి తడబాటు తక్కువ. మిగతా సగం అదృష్టం.

లక్షణం 4: అట్టడుగు జట్ల చేతిలో ఓటమి

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రికార్డులు చచ్చేది ఇక్కడే. పెద్ద జట్లతో ఆడేటప్పుడు స్టార్లకి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. మంగళవారం రాత్రి, సగం ఖాళీ స్టేడియం, అవతల ఎవరో తెలియని కుర్రాళ్లు. అదీ పరీక్ష.

2015-16 వారియర్స్ వరసగా 24 గెలిచి సీజన్ మొదలుపెట్టారు. డిసెంబరు 11 రాత్రి బోస్టన్‌లో రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి గట్టెక్కారు. అర్ధరాత్రి విమానం, మర్నాడు మిల్వాకీ. బక్స్ అభిమానులు "24-1" అని రాసిన టీషర్టులు వేసుకుని మరీ వచ్చి కూర్చున్నారు, స్కోరు 108-95. (లేకర్స్ 33 వరస ఆగింది కూడా మిల్వాకీలోనే. ఆ ఊరికి ఏదో ఉంది.) అది అలసట. మార్చి 6ది అలసట కూడా కాదు. ఆదివారం మధ్యాహ్నం లాస్ ఏంజెలిస్‌లో, ఆ ఏడాది మొత్తం 17 గెలిచిన లేకర్స్ చేతిలో 112-95. కర్రీ, క్లే కలిసి 18 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తే పడింది ఒకటి. బుల్స్‌కీ ఇలాంటిది ఉంది: అప్పుడే పుట్టిన టొరంటో చేతిలో 109-108.

కారణాలు రెండు, కలిపేయకండి. కాళ్లలో సత్తువ లేకపోవడం ఒకటి, మనసు లేకపోవడం ఇంకొకటి. మొదటిదానికి మందు సులువు: తొందరగా గెలిచేసి మూడో క్వార్టర్‌కే స్టార్లను కూర్చోబెట్టడం. ఆ ఏడాది కర్రీ సగటున 34 నిమిషాలే ఆడాడు. రెండోదానికి మందు డిఫెన్స్. షాట్లు ఒక్కో రాత్రి పడవు. చేతులు పైకెత్తి నిలబడటానికి, వెనక్కి పరుగెత్తడానికి ఏ రాత్రీ అడ్డు కాదు. బయటి షాట్ల మీదే బతికే స్టార్ల జట్టు మీదైతే ఇలాంటి ఆదివారాలు నాలుగు లెక్కలో వేసుకోండి.

లక్షణం 5: ముఖ్యమైనవాడు సూటు వేసుకుని బెంచ్ మీద

బ్రూక్లిన్ నెట్స్‌లో డురాంట్, హార్డెన్, ఇర్వింగ్ ముగ్గురూ కలిసి ఆడిన లీగ్ మ్యాచ్‌లు మొత్తం 16. అందులో 13 గెలిచారు. దాన్ని చూసి ఏడవాలో నవ్వాలో తెలీదు. 2003-04 లేకర్స్‌కి వచ్చిన కార్ల్ మలోన్ ఆడింది 42.

రికార్డు జట్లను చూస్తే: జోర్డన్ 82కి 82. కర్రీ 79, క్లే 80, గ్రీన్ 81. దీనికి నా దగ్గర మందు లేదు. ముప్పై మూడేళ్లు దాటిన ముగ్గురిని ఒక్కచోట పెట్టి 74 ఆశించకండి, అంతవరకే చెప్పగలను. దెబ్బలు కాకుండా వేటు పడే బాపతు వేరు. రాడ్‌మన్ 1996 మార్చిలో రిఫరీని తలతో గుద్ది ఆరు మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు, బుల్స్ అయినా నెట్టుకొచ్చింది.

లక్షణం 6: మార్చిలో కోచ్ స్టార్లకు విశ్రాంతి ఇస్తున్నాడు

ఇది జబ్బు కాదు. మొదటి స్థానం ఖాయమయ్యాక తెలివైన కోచ్ చేసే పనే అది. డురాంట్ చేరాక 2016-17 వారియర్స్‌లో స్టార్లు ముందుకంటే ఎక్కువ, గెలుపులు 67. ప్లేఆఫ్స్‌లో 16-1తో కప్పు. వాళ్లకి 74 అక్కర్లేకపోయింది. 73 గెలిచినవాళ్లు మాత్రం ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం పోగొట్టుకుని క్లీవ్‌లాండ్ చేతిలో ఓడారు. రికార్డు వెంట పడి అలసిపోయి ఓడారంటారు కదా, అది నేను ఒప్పుకోను. గ్రీన్‌పై ఒక మ్యాచ్ వేటు పడింది, బోగట్ మోకాలు పోయింది, అవతల లెబ్రాన్ ఉన్నాడు.

ఇక్కడ తేల్చాల్సింది కోచ్ కాదు. స్టీవ్ కెర్ 72 గెలిచిన బుల్స్‌లో ఆటగాడు, 73 గెలిచిన వారియర్స్‌కి కోచ్. రికార్డు సంగతి ఆటగాళ్లకే వదిలేశాడు. 2016 ఏప్రిల్ 5న ఇంట్లోనే మిన్నెసోటా చేతిలో ఓవర్‌టైమ్‌లో ఓడి 69-9 దగ్గర నిలిచారు. నాలుగు మిగిలాయి, నాలుగూ గెలవాలి. అందులో రెండు శాన్ ఆంటోనియో స్పర్స్‌తో. ఆ ఏడాది స్పర్స్ ఇంట్లో అప్పటిదాకా ఒక్కటీ ఓడలేదు. విశ్రాంతి తీసుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. స్పర్స్‌పై ఇంట్లో గెలిచారు, మెంఫిస్‌లో ఒక్క పాయింటుతో బయటపడ్డారు, మర్నాడే శాన్ ఆంటోనియోలో 92-86.

మీ జట్టులో ఈ పట్టుదల ఉందో లేదో కనిపెట్టడానికి ఇంటర్వ్యూలు చూడొద్దు. ఇరవై పాయింట్లు వెనకబడ్డ ఫిబ్రవరి రాత్రి నాలుగో క్వార్టర్‌లో ఎవరు ఇంకా నేల మీద పడి బంతి కోసం దొర్లుతున్నారో చూడండి.

ఆఖరి మ్యాచ్ మనకి ఏప్రిల్ 14 ఉదయం ఎనిమిదికి. అంబేద్కర్ జయంతి, సెలవు. ఇడ్లీ ప్లేటు ఒళ్లో, ఎదురుగా రెండు తెరలు. ఒకదాంట్లో వారియర్స్, మెంఫిస్ మీద 125-104. కర్రీ దాదాపు 30 నిమిషాలాడి 46 కొట్టాడు, సీజన్‌లో 402 త్రీలు. రెండోదాంట్లో కోబీ చివరి మ్యాచ్, 50 షాట్లు వేసి 60 పాయింట్లు. చట్నీ ఎండిపోతున్నా నేను చూస్తూ కూర్చున్నది కోబీనే. 73వ గెలుపు పక్క తెర మీద, సౌండ్ ఆపేసి ఉండగా అయిపోయింది.