చొక్కా కాలర్ నిలబడటం లేదా? గంజి కలిపే ముందు ఇది చూడండి

కాలర్ వాలిపోతే చాలామంది గంజి కలిపేస్తారు. ఒక్క నిమిషం ఆగండి. కాలర్, కఫ్ బిరుసుగా నిలబడేది ముఖ్యంగా లోపల పెట్టే బిరుసు గుడ్డ, అంటే బక్రం వల్ల. ఇప్పటి చొక్కాల్లో ఎక్కువగా వాడే పేస్టింగ్ బక్రానికి ఒకవైపు సన్నటి జిగురు చుక్కలు ఉంటాయి. ఫ్యాక్టరీలో సుమారు 150-170 డిగ్రీల వేడిలో, 15 సెకన్లపాటు అదిమితే అవి కరిగి గుడ్డను పట్టుకుంటాయి. కాలర్‌ను రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. పైగుడ్డ, బక్రం కలిసి కదలాలి. వేరువేరుగా జారుతుంటే జిగురు వదిలేసినట్టే. జిగురు లేని, కుట్టుతో ఆగే బక్రం అయితే కాస్త జారడం మామూలే.

ఉతికాక బుడగలు లేస్తే

జిగురు సరిగా పట్టకపోయి ఉండాలి, లేదంటే బక్రం ఒక కొలతన, గుడ్డ ఒక కొలతన కుంచించుకుపోయి ఉండాలి. ముందు తడిపి పిండిన పలుచని నూలుగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెను అటూ ఇటూ లాగకుండా 10-15 సెకన్లు అదిమి ఎత్తండి. పూర్తిగా చల్లారేదాకా కాలర్‌ను కదపొద్దు, జిగురు గట్టిపడేది అప్పుడే. మళ్లీ ఉతికితే మళ్లీ లేచాయా? ఇక ఇస్త్రీతో పని జరగదు, విప్పి బక్రం మార్పించాల్సిందే.

పెళ్లికని కుట్టించిన నాన్న తెల్లచొక్కా కాలర్ మొదటి ఉతుకులోనే అప్పడంలా పొంగింది. విప్పి చూస్తే బక్రం గుడ్డకంటే అర సెంటీమీటరు పొట్టిగా ఉంది! అప్పట్నుంచి గుడ్డను రాత్రంతా నానబెట్టి, బక్రాన్ని చన్నీళ్లలో ముంచి పిండకుండా నీడన ఆరేశాకే టైలర్‌కి ఇస్తున్నాం.

కొసలు పైకి లేస్తే

కొసల్లో పెట్టే ప్లాస్టిక్ పుల్లలు పోయాయేమో చూడండి. ఉతికే ముందు, ఇస్త్రీ ముందు వాటిని తీసెయ్యాలి. ఇస్త్రీ కొసనుంచి మధ్యకు చెయ్యండి. పుల్లలున్నా లేస్తుంటే తప్పు కత్తిరింపులోదే: పైపొర కిందిపొరకంటే 2-3 మిల్లీమీటర్లు పెద్దగా ఉండాలి.

అతుకు బాగానే ఉన్నా మెత్తగా ఉంటే

ఇప్పుడు గంజి. నూలుచొక్కా అయితే సగ్గుబియ్యం గంజిని పలుచగా కాచి, వడకట్టి, కాలర్, కఫ్‌లు మాత్రమే ముంచండి. కాస్త చెమ్మ ఉండగానే లోపలివైపు నుంచి ఇస్త్రీ చెయ్యండి. తెల్లటి పొట్టు రాలితే గంజి చిక్కనైంది, పసుపు మరకలు పడితే పెట్టె మరీ వేడిగా ఉంది. పాలిస్టర్‌కు గంజి సరిగా పట్టదు, శ్రమ పడొద్దు.

గంజి చొక్కాను నెలల తరబడి బీరువాలో ఉంచకండి. సిల్వర్‌ఫిష్ పురుగులకు గంజి ఇష్టమైన తిండి, మడత దగ్గర గుడ్డా చిట్లుతుంది. దాచాలంటే గంజి పోయేలా ఉతికి దాచండి.