స్కూల్ ప్రాజెక్టుకు ఇన్ఫోగ్రాఫిక్ ఎలా చేయాలి?

ఇన్ఫోగ్రాఫిక్ అంటే ఒక విషయాన్ని అంకెలు, బొమ్మలతో ఒకే పేజీలో చూపించేది. అది చేయమంటే చాలామంది ముందు కాన్వా అనే డిజైన్ టూల్ తెరుస్తారు. టెంప్లేట్లు చూస్తుండగానే గంట గడిచిపోతుంది. చివరికి నచ్చినదాంట్లో మన విషయాన్ని ఎలాగోలా ఇరికిస్తారు. అందులో అయిదు గడులుంటే, చెప్పాల్సింది మూడే అయినా అయిదూ నింపుతారు. అందుకే కంప్యూటర్ కాసేపు పక్కన పెట్టి, కాగితం తీసుకోండి.

కాగితం పైన ఒక ప్రశ్న రాయండి. ‘నీరు’ అనేది పాఠం పేరే కానీ ప్రశ్న కాదు. ‘భూమ్మీద ఇంత నీరుండగా తాగడానికి ఎందుకు చాలడం లేదు?’ అంటే అది ప్రశ్న. దానికి జవాబు చెప్పే అంకెలు రెండు మూడు చాలు. భూమ్మీది నీటిలో సుమారు 97 శాతం ఉప్పునీరే. మిగిలిన మంచినీటిలో మూడింట రెండు వంతులకు పైగా మంచుగా గడ్డకట్టి ఉంది. ఏ అంకె ఎక్కడ దొరికిందో అప్పుడే పక్కన రాసుకోండి, ఆఖర్న వెతుకుదామంటే దొరకదు.

తర్వాత పెన్సిల్‌తో పేజీ గీయండి. పైన ప్రశ్న, మధ్యలో ఒక పెద్ద బొమ్మ, కింద చిన్నవి రెండు, అట్టడుగున అంకెలు ఎక్కడివో చెప్పే లైను. గీతలు వంకరపోయినా ఫర్వాలేదు.

ఇక టూల్. కాన్వా, పిక్టోచార్ట్, అడోబ్ ఎక్స్‌ప్రెస్ మూడింటిలోనూ ఉచితంగా మొదలుపెట్టొచ్చు. స్కూల్ టీచర్లకు కాన్వాలో ఎడ్యుకేషన్ అకౌంట్ ఉంది. టీచరేనని నిర్ధారించుకున్నాక దాన్ని ఉచితంగా ఇస్తారు, క్లాసు పిల్లల్ని కూడా అందులో చేర్చుకోవచ్చు. ఇవేవీ వద్దనుకుంటే గూగుల్ స్లైడ్స్‌లో పేజీ సైజు మార్చుకున్నా పని జరుగుతుంది.

సైజు మాత్రం మొదట్లోనే తేల్చుకోండి. ఇన్ఫోగ్రాఫిక్ కోసం కాన్వా మామూలుగా ఇచ్చేది 800 × 2000 పిక్సెళ్ల పొడవాటి పేజీ. ఫోన్లో కిందికి జరుపుతూ చూడటానికి అది బాగుంటుంది. ఏ4 మీద ప్రింట్ తీస్తే మాత్రం మధ్యలో సన్నటి పట్టీలా వస్తుంది. గోడకు అంటించేదైతే 210 × 297 మిల్లీమీటర్ల ఏ4గానే మొదలుపెట్టండి.

అసలు పని అంకెను బొమ్మగా మార్చడం. మన 97 శాతానికి అందరికీ ముందు తోచేది పై (pie) చార్టు, అంటే ముక్కలుగా కోసిన గుండ్రటి బొమ్మ. 1801లో స్కాట్లాండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ తన పుస్తకంలో అచ్చువేసినప్పటి నుంచీ దానికి తిరుగులేదు కానీ, ఇక్కడ ఆ మూడు శాతం చిన్న చీలికలా మిగిలి కంటికి ఆనదు. దాని బదులు వంద గడులు పెట్టి చూడండి. ఒక చదరం గీసి, కాపీ చేస్తూ పది పేర్చండి. ఆ పదింటినీ గ్రూప్ చేసి, ఆ వరుసను ఇంకో తొమ్మిది సార్లు కాపీ చేయండి. 97 గడులకు ముదురు నీలం వేసి, మూడు వదిలేయండి. ఆ మూడింటిలో రెండిటికి మంచు తెలుపు వేయండి. మిగిలేది ఒక్క గడి! అందులోనూ చాలా భాగం భూగర్భ జలమే. ఇంత వివరంగా వాక్యాల్లో రాస్తే ఎవరు చదువుతారు?

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. రెట్టింపు అయిందని చూపడానికి నీటిబొట్టు బొమ్మను మూల పట్టుకుని ఎత్తు రెట్టింపు అయ్యేదాకా లాగుతారు. వెడల్పు కూడా రెట్టింపై, బొట్టు నాలుగింతలు కనిపిస్తుంది. బొమ్మను పెంచకండి, అదే సైజులో రెండు బొట్లు పక్కపక్కన పెట్టండి. బార్ చార్టు అయితే సున్నా నుంచే మొదలవ్వాలి. 50 దగ్గర మొదలుపెడితే కొద్దిపాటి తేడా కూడా కొండంత కనిపిస్తుంది.

ఫాంట్లు రెండు చాలు. టూల్‌లో ఉన్న చాలా ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఉండవు, ఎన్ని మార్చినా అక్షరం అలాగే ఉంటే టెన్షన్ పడకండి. గూగుల్ ఫాంట్స్‌లోని రామభద్ర శీర్షికకు, మండలి మామూలు వాక్యాలకు నప్పుతాయి. లైన్ల మధ్య ఖాళీ కాస్త పెంచండి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి.

రంగులు మూడు మించొద్దు. ఎరుపు, ఆకుపచ్చలను తేడా చూపడానికి వాడకండి, వర్ణాంధత్వం ఉన్నవాళ్లలో చాలామందికి ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింట్ తీసి చూస్తే ఏవి కలిసిపోతున్నాయో తెలిసిపోతుంది. ఎలాగూ స్కూల్లో జిరాక్స్ తీస్తే అంతేగా!

ప్రింట్‌కు పీడీఎఫ్‌గా, ఫోన్లకు పీఎన్‌జీ (బొమ్మ ఫైల్)గా డౌన్‌లోడ్ చేసుకోండి. వాట్సాప్‌లో ఫొటోలా పంపితే చిన్న అక్షరాలు మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రింట్‌కు ఇచ్చేముందు ఈ ప్రాజెక్టు సంగతి తెలియనివాళ్లకు పది సెకన్లు చూపించి తీసేయండి. ఏం అర్థమైందో అడగండి. ‘ఏదో నీళ్ల గురించి’ అంటే పై లైను, పెద్ద బొమ్మ మళ్లీ చేయాలి. ‘తాగే నీళ్లు ఇంత తక్కువా?’ అంటే ప్రింట్ కొట్టేయండి.