గడగడా చదువుతాడు, 'ఎందుకు' అంటే చెప్పలేడు: ఎక్కడ తప్పుతోంది?

సమస్య: పాఠం తప్పు లేకుండా చదువుతారు. "ఎందుకు?" అని అడిగితే పాఠంలోంచి ఏదో ఒక వాక్యం తీసి అప్పజెబుతారు.

కోనసీమలో నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే ఐదో తరగతి పిల్లలకు ఈ పేరా ఇస్తాను: "కాలువలు కట్టేశారు. చెరువు అడుగంటింది. సీత బిందె పట్టుకుని ట్యాంకర్ దగ్గర నిలబడింది. బడికి ఆలస్యమైంది." నాలుగు వాక్యాల్లో ఒక్క 'కాబట్టి' కూడా లేదు. చాలామంది చిక్కుకునేది ఇక్కడే.

కారణం: 'వల్ల', 'అందుకని' లాంటి మాట కనబడితేనే కారణం ఉందనుకోవడం.
పరిష్కారం: రెండు వాక్యాల మధ్య "కాబట్టి" పెట్టి పైకి చదివించండి. అతకకపోతే "ఎందుకంటే" పెట్టండి. "చేలో కొంగలు వాలాయి. ట్రాక్టర్ దమ్ము చేస్తోంది." ఇక్కడ "ఎందుకంటే" మాత్రమే అతుకుతుంది. దమ్ములో, అంటే నాట్లకు ముందు చేనుని నీళ్ళతో బురదగా దున్నేటప్పుడు, పురుగులు పైకి తేలతాయి, కొంగలు వాటికోసం వస్తాయి. ఫలితం ముందు, కారణం వెనక.

కారణం: మన క్రియల్లోనే కారణం దాక్కోవడం. "అన్నం తిని బడికి వెళ్ళాడు", "గట్టు తెగి చేను మునిగింది". రూపం ఒకటే. మొదటిదాంట్లో ఉన్నది వరస, రెండోదాంట్లో కారణం.
పరిష్కారం: "మొదటిది జరగకపోతే రెండోది జరిగేదా?" అని అడగండి.

కారణం: లోకజ్ఞానం చాలకపోవడం. నా మటుకు అన్నిటికన్నా పెద్దది ఇదే, మనం పట్టించుకోనిదీ ఇదే. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచి డెల్టా బతుకు కాలువ నీళ్ళ మీదే. వేసవిలో కాలువలు కట్టేసేలోపే, అంటే వాటికి నీళ్ళు ఆపేసేలోపే, ఊరి చెరువు నింపుకోవాలి. ఇక్కడివాళ్ళు రాస్తే ఈ సంగతి చెప్పరు, అందరికీ తెలుసనుకుంటారు. "ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులు దాటింది. అమ్మ సామాన్లు అటక మీద పెట్టింది" అంటే లంకలో (గోదావరి మధ్య దీవిలో) ఉండే పిల్లకు వెంటనే అర్థమవుతుంది: గోదావరి వరదకు రెండో ప్రమాద హెచ్చరిక, ఇంట్లోకి నీళ్ళు రావచ్చు. వేరే జిల్లా పిల్లకు అదొక అంకె. రాయలసీమలో బోరు ఎండిన కథ చదివితే మన పిల్లల పరిస్థితీ అంతే.
పరిష్కారం: అదే పేరా పదిసార్లు చదివించకండి, పిల్లలకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఆ ఊరి నీళ్ళ సంగతి ముందు రెండు నిమిషాలు చెప్పి, అప్పుడు చదివించండి.

కొందరు ఇంకో వైపు పోతారు: "సీతకు బడంటే ఇష్టం లేదు" అంటారు. కోప్పడకుండా, "అది ఏ వాక్యం చూసి అన్నావమ్మా? వేలు పెట్టి చూపించు" అనండి. చూపించలేకపోతే ఆ జవాబు వాళ్ళే వదిలేస్తారు.