బ్రహ్మోత్సవాలకు ముందే కంటైనర్ల డేటా సరిచూసుకోండి

తిరుపతిలో లాడ్జీలకు, ట్రావెల్స్‌కు బుకింగ్ సాఫ్ట్‌వేర్‌ను డాకర్ కంటైనర్లలో (యాప్ విడిగా నడిచే పెట్టెల్లాంటివి) నడిపేవాళ్ల కోసం ఇది. ధ్వజారోహణం అయ్యాక, అందులోనూ గరుడ సేవ రోజున, సర్వర్ మీద చెయ్యి పెట్టే పరిస్థితి రాకూడదు. ఏదున్నా ఇప్పుడే చూసుకోండి.

పోయినేడు బస్టాండు దగ్గర ఒక లాడ్జీలో కొత్త వెర్షన్ ఎక్కించాను. పాత డాకర్ కంటైనర్ తీసేసి కొత్తది లేపిన పది నిమిషాలకు కౌంటర్ నుంచి ఫోన్. "అన్నా, ఆధార్ స్కాన్లు ఒక్కటీ తెరుచుకోలే!" డేటాబేస్‌కు వాల్యూమ్ (కంటైనర్ పోయినా డేటా మిగిలే బయటి చోటు) ఇచ్చాను గానీ అప్‌లోడ్స్ ఫోల్డర్‌కు ఇవ్వలేదు. కంటైనర్‌ను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే లోపలి ఫైళ్లు ఉంటాయి కాబట్టి అన్నాళ్లూ తప్పు బయటపడలేదు. కంటైనర్‌నే తీసేస్తే వాటికీ నూకలు చెల్లినట్టే.

డాకర్ ఇన్‌స్పెక్ట్ కొట్టి మౌంట్స్ భాగం (బయటి చోట్లకు కలిపిన ఫోల్డర్ల జాబితా) చదవండి. యాప్ రాసే ప్రతి ఫోల్డరూ అక్కడ కనబడాలి. ఇమేజ్ (కంటైనర్‌ను లేపే అచ్చు) పేరు పక్కన లేటెస్ట్ అని వదిలేయకుండా వెర్షన్ నంబరు వేయండి, లేకపోతే మనకు తెలియకుండానే కొత్త వెర్షన్ దిగొచ్చు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 16 రాసిన డేటా ఫైళ్లను 17 నేరుగా తెరవదు.

ఇక పర్మిషన్లు. ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. లినక్స్ చూసేది యూజర్ పేరు కాదు, నంబరు. యాప్ లోపల 1000 నంబరుతో నడుస్తూ, బయటి ఫోల్డర్ రూట్ (సర్వర్ అడ్మిన్) పేరున, అంటే 0 నంబరు మీద ఉంటే, చదవడం కుదిరినా రాయడం కుదరదు. లాగ్‌లో పర్మిషన్ డినైడ్ అని వస్తుంది. ఫోల్డర్‌ను ముందుగా మనం తయారు చేయకుండా డాకర్ రన్‌కు మైనస్ వి ఇచ్చి మౌంట్ చేస్తే డాకరే దాన్ని సృష్టిస్తుంది, మామూలుగా రూట్ పేరునే. ఆ ఒక్క ఫోల్డర్‌నే చోన్ కమాండ్‌తో 1000కి మార్చండి. తొందరలో 777 (అందరికీ అన్ని పర్మిషన్లు) మాత్రం ఇవ్వకండి. అందులో ఉన్నవి భక్తుల ఆధార్ కార్డులు. ఆ ఫోల్డర్ దాకా రాగలిగిన ఏ యూజరైనా వాటిని చదవొచ్చు, చెరిపేయొచ్చు. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్‌లోనూ డెబియన్ రకానికి నంబరు 999, ఆల్పైన్ రకానికి 70. నంబర్లు తేడా కాబట్టి మధ్యలో రకం మార్చకండి.

కంటైనర్లన్నీ ఆపి తీసేసే కంపోజ్ డౌన్ కొడితే పేరు పెట్టిన వాల్యూమ్‌లు మిగులుతాయి. దానికి మైనస్ వి తగిలిస్తే (ఇక్కడ దాని అర్థం వాల్యూమ్‌లు కూడా తీసేయమని) అవీ పోతాయి. పాత కమాండ్‌ను పైబాణంతో తెచ్చి ఎంటర్ కొట్టే అలవాటుంటే మరీ జాగ్రత్త.

డేటాబేస్ నడుస్తుండగా ఫోల్డర్ కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు. పీజీ డంప్ (పోస్ట్‌గ్రెస్ సొంత బ్యాకప్ కమాండ్) తీయండి, అప్‌లోడ్స్‌ను విడిగా కాపీ చేయండి. రెంటినీ ఇంకో మెషిన్‌లో రీస్టోర్ చేసి, నిన్న రాత్రి ఆఖరి బుకింగ్‌ను కౌంటర్ రిజిస్టర్ పక్కన పెట్టి పోల్చండి. ఆ గెస్ట్ ఆధార్ స్కాన్‌నూ తెరిచి చూడండి.