ఎలక్ట్రానిక్ తాళం బిగించే ముందు: కరెంటు పోతే తలుపు ఏం చేయాలి?

ఆఫీసు తలుపుకు కార్డు మిషన్ పెట్టించాలని వెళ్తే ముందుగా వినపడే ప్రశ్న "వేలిముద్రా, కార్డా, ముఖమా?" అని. అది తర్వాత తేల్చుకున్నా నష్టం లేదు. ముందు తేలాల్సింది ఒకటే. కరెంటు పోయిన క్షణంలో ఆ తలుపు తెరుచుకోవాలా, మూసుకునే ఉండాలా? తాళం రకం, వైరింగ్, బ్యాటరీ సైజు అన్నీ ఈ జవాబును బట్టే ఉంటాయి.

మాగ్నెటిక్ లాక్, అంటే అందరూ ఈఎం లాక్ అనేది, కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుంది. సరఫరా ఆగితే తలుపు వదిలేస్తుంది. మనుషులు కూర్చుని పనిచేసే చోటికి, క్లినిక్‌కు, కోచింగ్ సెంటర్‌కు ఇదే సరైనది, ఎందుకంటే మంటలొచ్చి కరెంటు తీసేసినా లోపలివాళ్లు చిక్కుకోరు. ఎలక్ట్రిక్ స్ట్రైక్‌లో (చట్రంలో ఉండి తలుపు తాళం నాలుకను పట్టుకునేది) ఎక్కువగా అమ్మేది దీనికి తిరగబడ్డ రకం: కరెంటు ఇస్తేనే వదులుతుంది, లేకపోతే మూసుకునే ఉంటుంది. స్టోర్ రూముకు, సర్వర్ గదికి, నగదు ఉండే గదికి ఇది పెట్టండి. షరతు ఒక్కటే: లోపలి హ్యాండిల్ తిప్పితే ఏ కరెంటూ లేకుండా తలుపు తెరుచుకోవాలి. అలాంటి హ్యాండిల్ లేని తలుపుకు ఈ తాళం బిగించకూడదు.

గాజు తలుపు అటూ ఇటూ ఊగేదైతే డ్రాప్ బోల్ట్, అంటే కరెంటుతో కడ్డీ రంధ్రంలోకి దూరే తాళం, వాడతారు. దాన్ని పై చట్రంలో పెట్టించండి. నేలలో పెడితే కడిగిన నీళ్లు, దుమ్ము రంధ్రంలో చేరి బోల్టు దిగదు. తలుపు కింద నేలలో ఉండే ఫ్లోర్ స్ప్రింగ్ తలుపును ప్రతిసారీ సరిగ్గా మధ్యకే తెచ్చి ఆపాలి. రెండు మిల్లీమీటర్లు పక్కకు ఆగినా బోల్టు రంధ్రం అంచును తాకుతూ కొట్టుకుంటుంది. చాలామంది అప్పుడు తాళం పాడైందనుకుని మార్పిస్తారు. ముందు ఫ్లోర్ స్ప్రింగ్ చూడండి.

ఇక్కడి నుంచి ఒక తలుపు లెక్క వేసుకుందాం: చిన్న ఆఫీసు, బయటికి తెరుచుకునే ఒంటి రెక్క తలుపు, ఇరవై మంది మనుషులు. కావాల్సినవి ఇవి:

- 600 పౌండ్ల ఈఎం లాక్ ఒకటి. సుమారు 270 కిలోల పట్టు. 12 వోల్టుల మీద దాదాపు అర ఆంపియర్ తీసుకుంటుంది
- లోపల పెట్టే కంట్రోలర్ (కార్డు సరైనదో కాదో తేల్చి తాళాన్ని నడిపే పెట్టె), బయట పెట్టే రీడర్ (కార్డు చదివేది)
- బ్యాటరీ ఛార్జింగ్ ఉన్న 12 వోల్టుల, 3 లేదా 5 ఆంపియర్ల పవర్ సప్లై, 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ
- లోపలి నుంచి తెరవడానికి ఎగ్జిట్ బటన్, అద్దం నొక్కితే కరెంటు తెంపే ఎమర్జెన్సీ బాక్స్
- తలుపును తనంతట మూసే డోర్ క్లోజర్
- 1ఎన్4007 డయోడ్ ఒకటి

కంట్రోలర్ లోపల, రీడర్ బయట అన్నాం. దీని మీద పట్టుబట్టండి. చవగ్గా వచ్చే కీప్యాడ్ మిషన్లలో తాళాన్ని నడిపే రిలే (కరెంటును కలిపి, తెంపే స్విచ్) ఆ పెట్టెలోనే ఉంటుంది, ఆ పెట్టె బయటి గోడ మీద ఉంటుంది. రెండు స్క్రూలు విప్పి ఎగ్జిట్ బటన్ వైర్లు రెండూ కలిపితే తలుపు తెరుచుకుంటుంది. కార్డూ అక్కర్లేదు, నంబరూ అక్కర్లేదు. బయట రీడర్ మాత్రమే ఉంటే దాన్ని పీకేసినా దొరికేది రీడర్ వైర్లే, తాళాన్ని నడిపేవి కావు. ఇప్పటికే అలాంటి మిషన్ బయట బిగించి ఉంటే, అది రీడర్‌గా కూడా పనిచేసే మోడలేమో చూసి లోపల వేరే కంట్రోలర్ పెట్టించండి. కొత్త మిషన్‌కు కంపెనీ ఇచ్చే 123456, 888888 లాంటి మాస్టర్ కోడ్ బిగించిన రోజే మార్చాలి. ఆ నంబర్లు ప్రతి మాన్యువల్‌లోనూ అచ్చై ఉంటాయి.

రీడర్ వైర్లు సాధారణంగా నాలుగు: ఎరుపు 12 వోల్టులు, నలుపు గ్రౌండ్, ఆకుపచ్చ డేటా-0, తెలుపు డేటా-1. దీన్ని వైగాండ్ అంటారు, 150 మీటర్ల వరకు నడుస్తుంది. ఆకుపచ్చ, తెలుపు తారుమారైతే రీడర్ బీప్ అంటుంది కానీ తలుపు తెరుచుకోదు, కార్డు నంబరు తప్పుగా పడుతుంది. రీడర్‌కు ఒక అడాప్టర్, కంట్రోలర్‌కు ఇంకో అడాప్టర్ పెట్టినప్పుడు రెండింటి గ్రౌండ్ కలపకపోయినా ఇదే తంటా. ఒక్కోసారి చదువుతుంది, ఒక్కోసారి చదవదు. గ్రౌండ్‌లు కలిపితే సరిపోయేదానికి రీడర్లు మార్చేస్తుంటారు.

కార్డు విషయంలో: సన్నగా నంబరు అచ్చేసి ఉండే చవక కార్డులు 125 కిలోహెర్ట్జ్‌వి. చిన్న కాపీ మిషన్‌తో నిమిషంలో నకలు తీయొచ్చు. 13.56 మెగాహెర్ట్జ్ మైఫేర్ క్లాసిక్ కార్డుల గుప్తలిపి 2008లోనే నెదర్లాండ్స్ పరిశోధకుల చేతిలో బద్దలైంది. కొత్తగా కొంటుంటే డెస్‌ఫైర్ ఈవీ2 లేదా ఈవీ3 రకం కార్డులు చదివే రీడర్ తీసుకోండి. ఏ రీడర్ అడిగినా కార్డు బయటపెట్టే నంబరును మాత్రమే రీడర్ చదువుతుంటే ఖరీదైన కార్డు కొన్నా ఉపయోగం లేదు. లోపలి గుప్త డేటా చదివేలా సెట్ చేయమని అడగండి.

తాళం బిగింపులో జరిగే పెద్ద పొరపాటు రెక్కకు వచ్చే ఇనుప పలకను బిర్రుగా బిగించేయడం. ఆ పలక వెనక రబ్బరు వాషర్ వేసేది అది కాస్త కదిలి మాగ్నెట్ ముఖానికి తనంతట తాను అతుక్కోవడానికి. బిర్రుగా బిగిస్తే ఒక మూల పైకి లేచి ఉంటుంది. కాగితమంత సందు ఉన్నా పట్టు బాగా పడిపోతుంది, గట్టిగా లాగితే తలుపు తెరుచుకుంటుంది. చేత్తో నొక్కితే పలక కొద్దిగా ఊగాలి. మాగ్నెట్ ముఖం మీద పెయింటు, టేపు, తుప్పు ఉండకూడదు, నెలకోసారి పొడిగుడ్డతో తుడవండి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే జెడ్‌ఎల్ బ్రాకెట్, చట్రం లేని గాజు తలుపైతే గాజును పట్టుకునే యూ బ్రాకెట్ కావాలి. గాజుకు రంధ్రం చేయాలని చూడకండి, టఫెన్డ్ గాజు మొత్తం పొడిపొడి అవుతుంది.

వైరింగ్‌కు వస్తే, పవర్ సప్లై ప్లస్ నుంచి ఎమర్జెన్సీ బాక్స్, అక్కడి నుంచి కంట్రోలర్ రిలే కామన్, రిలే ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండే కాంటాక్టు) నుంచి తాళం ప్లస్. తాళం మైనస్ నేరుగా పవర్ సప్లై మైనస్‌కు. కరెంటు ఇస్తే తెరుచుకునే స్ట్రైక్ అయితే ఎన్‌సీ బదులు ఎన్‌ఓ (మామూలుగా విడిగా ఉండే కాంటాక్టు) వాడాలి. ఎగ్జిట్ బటన్ కంట్రోలర్‌కు సంకేతం పంపుతుంది, అంతే. కంట్రోలర్ హ్యాంగ్ అయితే ఆ బటన్ ఎంత నొక్కినా తలుపు కదలదు. ఎమర్జెన్సీ బాక్స్‌ను తాళం కరెంటు వెళ్లే వైరులోనే వరుసగా పెట్టమనేది అందుకే. దాన్ని కూడా కంట్రోలర్ ఎగ్జిట్ పిన్నుకే కలిపేసి పని ముగించేవాళ్లున్నారు, ఒప్పుకోకండి. భవనంలో ఫైర్ అలారం ప్యానెల్ ఉంటే దాని రిలే కాంటాక్టును కూడా ఇదే వరుసలో వేయించాలి.

తాళం రెండు కొసల మధ్య డయోడ్ వేయండి, వెండి గీత ఉన్న వైపు ప్లస్‌కు. కాయిల్ కరెంటు తెగినప్పుడు వచ్చే ఎదురు వోల్టేజీ రిలే కాంటాక్టులను కాల్చేస్తుంది. ఆర్నెల్లకు తాళం వదలడం మానేస్తే చాలాసార్లు కారణం అతుక్కుపోయిన రిలేనే. కొన్ని తాళాల్లో డయోడ్ లోపలే ఉంటుంది, మాన్యువల్ చూడండి.

తాళానికి నెట్‌వర్క్ కేబుల్ వాడకండి. పవర్ సప్లై 20 మీటర్ల దూరంలో ఉందనుకోండి. పోనూ రానూ 40 మీటర్లు. నెట్‌వర్క్ కేబుల్‌లో ఉండే 24 గేజి తీగలో దాదాపు 3.4 ఓమ్‌లు, అర ఆంపియర్ మీద 1.7 వోల్టులు దారిలోనే పోతాయి. మల్టీమీటర్ తాళం దగ్గర 10.3 చూపిస్తుంది, పట్టు తగ్గుతుంది. అదే 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరైతే పోయేది 0.4 వోల్టు. మీటరును పవర్ సప్లై దగ్గర పెట్టి "పన్నెండు వస్తోంది" అంటే లెక్కలోకి రాదు, తాళం పనిచేస్తుండగా తాళం దగ్గరే కొలవాలి.

బ్యాటరీ లెక్క తేలికే. తాళం అర ఆంపియర్, కంట్రోలర్, రీడర్ కలిపి 0.3 అనుకుంటే 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ కొత్తలో ఆరేడు గంటలు లాగుతుంది. రెండేళ్లు దాటాక సగం కూడా రాకపోవచ్చు. బ్యాటరీ మీద పెట్టిన తేదీ మార్కర్‌తో రాయండి. రాత్రంతా కరెంటు పోయే ఊరైతే షట్టరు తాళం కూడా వేసే వెళ్లాలి, ఈఎం లాక్‌ను నమ్ముకుని వెళ్లిపోకూడదు.

ఇంటి వీధి తలుపుకు ఈఎం లాక్ వద్దనేది కూడా ఇందుకే. ఇంటికి నాలుగు ఏఏ బ్యాటరీలతో నడిచే స్మార్ట్ లాక్ మేలు. లోపలి హ్యాండిల్‌తో ఎప్పుడైనా తెరుచుకుంటుంది, చాలావాటికి బయట మామూలు తాళంచెవి రంధ్రం ఉంటుంది. కొనే ముందు తలుపు మందం, రెక్క అంచు నుంచి హ్యాండిల్ మధ్యకు దూరం, ఏ వైపు తెరుచుకుంటుందో కొలిచి రాసుకెళ్లండి. టేకు తలుపైనా వానాకాలంలో కాస్త ఉబ్బుతుంది. బోల్టు రాసుకుంటూ వెళ్తే మోటారు కష్టపడి నెల తిరక్కుండానే బ్యాటరీలు అయిపోతాయి. ద్వారబంధంలోని రంధ్రాన్ని రెండు మిల్లీమీటర్లు పెద్దది చేస్తే బాగవుతుంది. ఆల్కలైన్ బ్యాటరీలే వేయండి. ఒక్కొక్కరికీ రెండు చేతుల నుంచి ఒక్కో వేలు నమోదు చేయండి. పొలం పని, సిమెంటు పని చేసేవాళ్ల, పెద్దవాళ్ల వేలిగీతలు అరిగి ఉంటాయి, వాళ్లకు నంబరు లేదా కార్డు ఇవ్వండి. తాళంచెవి మాత్రం ఇంట్లో బీరువాలో పెట్టొద్దు, బయట ఉండగా అక్కరొచ్చేది అదే. దగ్గర్లో ఉండే చుట్టాల ఇంట్లో ఒకటి ఉంచండి.

ఆఫీసు పని పూర్తయిందని మెకానిక్ అన్నప్పుడు అతని ఎదురుగానే ఇవి చేయించండి. మెయిన్ స్విచ్ ఆపండి: బ్యాటరీ మీద తాళం పట్టుకుని ఉండాలి. బ్యాటరీ వైరు కూడా పీకండి: తలుపు వదలాలి. రెండూ తిరిగి ఇచ్చి, కంట్రోలర్ ఎగ్జిట్ బటన్ వైరు తీసేసి ఎమర్జెన్సీ బాక్స్ నొక్కండి: తలుపు వదలాలి. బయటి రీడర్ విప్పి ప్లగ్ లాగేయండి: తలుపు మూసుకునే ఉండాలి. క్లోజర్‌ను నాలుగు వేళ్ల సందు నుంచి వదిలి చూడండి, తలుపు తనంతట వచ్చి అతుక్కోవాలి. కార్డు చూపి తెరవండి: ఐదు సెకన్ల తర్వాత మళ్లీ లాక్ అవ్వాలి. ఈ ఆరూ చూశాకే మిగతా డబ్బులివ్వండి. వైరింగ్ బొమ్మ, కొత్త మాస్టర్ కోడ్ ఒక కాగితం మీద రాయించుకుని పవర్ సప్లై పెట్టెలో కాకుండా వేరేచోట దాచండి.