కలం లెక్క రానివారి చేతిలోనే ఉండాలి
పరీక్షలకు ముందు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో ఇద్దరు ముగ్గురు కలిసి భౌతికశాస్త్రం లెక్కలు చేసేటప్పుడు, తెలిసినవారు కలం పట్టకుండా, రానివారి చేతనే స్వేచ్ఛా వస్తు పటం (వస్తువుపై పనిచేసే బలాలను బాణాలతో చూపే బొమ్మ) గీయించి, ప్రతి బాణం ఎందుకు గీశారో చెప్పించడం మేలు. ఉదాహరణకు, 30 డిగ్రీల నున్నని వాలుతలంపై జారే 2 కిలోల దిమ్మెకు అభిలంబ బలం, అంటే తలం దాన్ని తనకు లంబంగా నెట్టే బలం, 19.6 న్యూటన్లని చాలామంది అలవాటుగా రాసేస్తారు. నిజానికి అది ఎంజీ కాస్ థీటా (ఎం ద్రవ్యరాశి, జీ గురుత్వ త్వరణం, థీటా వాలు కోణం), అంటే సుమారు 17 న్యూటన్లు. పూర్తయిన జవాబును ఎక్కించుకుంటే బయటపడని ఈ పొరపాటు, బాణాన్ని తలానికి లంబంగా కాక నిట్టనిలువుగా గీసినప్పుడే పట్టుబడుతుంది. జీ విలువ 9.8 అనుకోవాలా, 10 అనుకోవాలా అన్నది ముందే తేల్చుకోకపోతే సగం వాదన దానిమీదే నడుస్తుంది. త్వరణానికి సూత్రం రాబట్టాక, అందులో కోణాన్ని సున్నా చేసి చూడమనండి: దిమ్మె కదలకూడదు. సైన్, కాస్ తారుమారైతే అక్కడే తెలిసిపోతుంది.